రొయ్యల గుంటల కోసం పదకొండేళ్ల ఉద్యోగం మానేయవచ్చా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీ వయసు ముప్పై ఆరు. కృష్ణపట్నం వైపు ఒక ఫ్యాక్టరీలో పదకొండేళ్లుగా ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌గా ఉన్నారు. చేతికి 48 వేలు వస్తుంది, బేసిక్ 26 వేలు. ఇంటి ఖర్చు నెలకు 30 వేలు, హౌసింగ్ లోన్ ఈఎంఐ 14 వేలు. మీ ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, ఆమెకు 15 వేలు. ఇద్దరు పిల్లలు. అల్లూరు దగ్గర మీ మేనమామ తన ఐదెకరాల రొయ్యల గుంటలు మీకు లీజుకు ఇస్తానంటున్నారు. పీఎఫ్‌లో ఆరు లక్షలు, బ్యాంకులో మూడు లక్షలు ఉన్నాయి. "ఇప్పుడు మానేయకపోతే ఇక ఎప్పటికీ మానలేను, ఇంట్లో రోజూ గొడవే, ఏం చేయమంటారు?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఈ డబ్బుతో, ఈ ఐదెకరాలను నమ్ముకుని, ఇప్పుడు రాజీనామా పెట్టొద్దు. రొయ్యల వైపు అసలే వెళ్లొద్దని మాత్రం నేను అనను. మీకు వేరే దారి ఉంది. మీరు రాసినదాంట్లో మధ్యలో మామూలుగా ఒక మాట అనేసి వదిలేశారు, "మామ గుంటల మీద మోటారు కాలినా, ప్యానెల్ ట్రిప్ అయినా నాకే ఫోన్ చేస్తారు" అని. నా జవాబులో ముఖ్యమైన భాగం ఆ మాట గురించే.

నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం నెల్లూరు, కావలి, ఒంగోలు ప్రాంతాల్లో వ్యవసాయ రుణాలు, ఆక్వా రుణాలు చూశాను. ఉద్యోగం వదిలి గుంటల్లోకి దిగినవాళ్లు చాలామంది నా టేబుల్ ముందు కూర్చున్నారు. బాగుపడినవాళ్లు ఉన్నారు, ఇల్లు అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. అన్నేళ్ల ఫైళ్లు చూశాక నాకు గట్టిగా అనిపించేది ఒకటుంది. మొదటి పంట పోయినందుకే చితికిపోయినవాళ్లు తక్కువ. ఆ నష్టాన్ని రెండో పంటలో పూడ్చుకుందామని తెచ్చిన అప్పుతో చితికిపోయినవాళ్లే ఎక్కువ. జీతం వస్తున్న మనిషి మొదటి నష్టం దగ్గర ఆగి ఆలోచించుకోగలడు. జీతం లేని మనిషికి ఆగే వీలుండదు. నెల తిరిగేసరికి ఈఎంఐ, ఫీజులు, సరుకులు వచ్చి పడతాయి. అందుకని మళ్లీ సీడ్ (రొయ్య పిల్ల) వేస్తాడు, ఈసారి అప్పు డబ్బుతో వేస్తాడు.

మన నెల్లూరు జిల్లా ఇదంతా ఒకసారి చూసింది. 1990ల మొదట్లో టైగర్ రొయ్య వచ్చినప్పుడు ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు, ముత్తుకూరు వైపు వరి మళ్లు గుంటలుగా మారాయి. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి పంటలు వరసగా పోయాయి. ఆ దెబ్బ నుంచి తేరుకోకముందే 1996 డిసెంబరులో తీరం వెంబడి రొయ్యల చెరువులకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం, 2009లో వనామి రకం రొయ్యకు అనుమతి వచ్చాక మళ్లీ గుంటలు నిండాయి. ఈ ఎత్తుపల్లాలన్నీ దాటుకుని ఇప్పటికీ ఆక్వాలో ఉన్నవాళ్లను చూస్తే, నష్టం వచ్చిన ఏడాది గుంట ఎండబెట్టి ఊరుకోగలిగినవాళ్లే కనిపిస్తారు. వరో, అద్దెలో, ఇంట్లో ఇంకొకరి జీతమో, ఏదో ఒకటి ఆ ఏడాది ఇల్లు గడిపింది.

ఇప్పుడు మీ లెక్క వేద్దాం. ఎకరాకు లక్ష పిల్ల వేశారనుకోండి, అది మరీ ఎక్కువేం కాదు. నూటికి ఎనభై బతికి, కిలోకు 60 రొయ్యలు తూగే 60 కౌంట్‌కు వస్తే ఎకరాకు 1,333 కిలోలు. కిలో రొయ్యకు కిలోన్నర మేత చొప్పున ఎకరాకు రెండు టన్నుల మేత పడుతుంది. మేత కిలో వంద రూపాయల దరిదాపుల్లో వేసుకుంటే ఎకరాకు రెండు లక్షలు, ఐదెకరాలకు పది లక్షలు. ఇది ఒక్క మేత ఖర్చే. సీడ్, లీజు, కరెంటు, జనరేటర్‌కు డీజిల్, సున్నం, ప్రోబయోటిక్స్, రాత్రిళ్లు గుంట మీద ఉండే మనిషి జీతం ఇంకా కలపలేదు.

ఇటు మీ డబ్బు చూడండి. తొమ్మిది లక్షలు అన్నారు, గ్రాట్యుటీ లెక్కలో వేసుకున్నట్టు లేదు. అయిదేళ్లు దాటిన సర్వీసుకు అది మీ హక్కు. నెలను 26 రోజులుగా తీసుకుని ఏడాదికి పదిహేను రోజుల జీతం ఇస్తారు. మీ బేసిక్ 26 వేలు కాబట్టి ఏడాదికి 15 వేలు, పదకొండేళ్లకు 1,65,000. మొత్తం 10,65,000 అయింది. దీంట్లోంచి ముందు ఇల్లు గడిచే డబ్బు పక్కన పెట్టాలి. ఖర్చు, ఈఎంఐ కలిపి 44 వేలు. మీ ఆవిడ జీతం తీసేస్తే నెలకు 29 వేలు తక్కువ పడుతుంది. పద్దెనిమిది నెలలకు 5,22,000. పద్దెనిమిది నెలలు ఎందుకంటే, రెండు పంటలు దెబ్బతిని మూడోది చేతికి రావడానికి మధ్యలో గుంట ఎండబెట్టే రోజులతో కలిపి ఆ మాత్రం పడుతుంది. ఇక మీకు మిగిలేది 5,43,000. మేత బిల్లుకే అది సగం.

మిగతా సగం మేత షాపులో అప్పు పెడతారు. ఇది మీకు ఎవరూ వివరంగా చెప్పి ఉండరు కాబట్టి నేను చెప్తాను. నగదుకు కొన్నవాడికి బస్తా మీద తగ్గింపు ఉంటుంది. అప్పుకు తీసుకున్నవాడికి ఆ తగ్గింపు పోతుంది, పైన వడ్డీ పడుతుంది. చాలాచోట్ల పట్టుబడి (పట్టిన రొయ్య) కూడా ఆ అప్పు ఇచ్చినాయన చెప్పిన ఏజెంటుకే ఇవ్వాల్సి వస్తుంది. రొయ్య ఇంకాస్త పెరిగి కౌంట్ దిగేదాకా పది రోజులు ఆగుదామని మీకు ఉంటుంది. ఇప్పుడే పట్టించి బాకీ కట్టమని ఆయనకు ఉంటుంది. మాట ఎవరిది నెగ్గుతుందో మీరే ఊహించుకోవచ్చు. నేను ఆయన్ని తప్పుపట్టడం లేదు, ఆయనా కంపెనీకి డబ్బు కట్టాలి. కానీ మీరు యజమాని అవుదామని ఉద్యోగం మానేసి, అమ్మే రోజు నిర్ణయించే హక్కు కూడా లేని చోటికి వెళ్తారు.

రేటు సంగతి కూడా మన చేతిలో లేదు. మన రొయ్యను ఎక్కువగా కొనే దేశం అమెరికా. 2025 ఆగస్టులో అక్కడ మన సరుకు మీద సుంకం 50 శాతానికి వెళ్లినప్పుడు గుంటల దగ్గర రేట్లు ఎలా పడ్డాయో మీ మామను అడగండి. పైన వేసిన లెక్కలో మీ మొత్తం దిగుబడి 6,665 కిలోలు. కిలోకు నలభై రూపాయలు తగ్గితే 2,66,600. మీ అయిదున్నర నెలల జీతం అది. అందులో మీ తప్పు ఏమీ ఉండదు, పంట బాగానే పండి ఉంటుంది.

ఇక జబ్బులు. మేత వేసిన రెండు గంటలకు గుంటలో దించి ఉంచిన చెక్ ట్రే పైకి లాగి చూస్తారు. మేత మిగిలిందా, రొయ్య వీపు మీద పేగు గీత నిండుగా ఉందా మధ్యలో తెగిందా, ట్రేలో తెల్లటి దారాల్లాంటి విసర్జన ఉందా అని. తెల్లమచ్చ పడితే మందు లేదు, రోజుల్లో గుంట ఖాళీ అవుతుంది. ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి పడితే రొయ్య చావదు, ఎదగదు. మేత తింటూనే ఉంటుంది, కౌంట్ మాత్రం దిగదు. నాకు అన్నిటికంటే కష్టంగా కనిపించింది ఇదే, ఎందుకంటే రైతు రోజూ రేపు ఎదుగుతుందని ఆశతో మేత పోస్తూనే ఉంటాడు. ఈ రోజే వల వేసి వచ్చిన రేటుకు అమ్మేయాలా, ఇంకో వారం చూడాలా అన్న నిర్ణయం తెల్లవారుజామున గట్టు మీద నిలబడి తీసుకోవాలి. ఆ పని మీకు పడుతుందో లేదో ఆదివారాలు మామ గుంటలు చూసి వస్తే తెలియదు.

ఇప్పుడు మీ మోటార్ల దగ్గరికి వద్దాం. ఆక్వాలో మేత తర్వాత అందరికీ ఎక్కువ టెన్షన్ పెట్టేది కరెంటే. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ తగ్గుతూ తెల్లవారే ముందు అట్టడుగుకు వెళ్తుంది. సరిగ్గా ఆ సమయంలో నీళ్లలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే, గుంటలో రొయ్య బరువు ఎక్కువగా ఉంటే, గంటా రెండు గంటల్లో రొయ్యలు గట్టు వారకు వచ్చేస్తాయి. మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు మిగతా రెండింటి మీద లాగి వైండింగ్ కాలిపోతుంది. ఉప్పు గాలికి కాంటాక్టర్లు తుప్పు పడతాయి. లైను చివర గుంటలకు వోల్టేజీ సరిగా రాదు. అలా ఒక ఫేజు పోగానే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఎన్ని గుంటల దగ్గర ఉంది? కరెంటు పోగానే తనంతట తనే జనరేటర్‌కు మారే ప్యానెల్ ఎన్నిచోట్ల ఉంది? ఏరియేటర్ ఆగితే రైతు ఫోన్ మోగే అలారం ఎందరికి ఉంది? నేను ఇన్‌స్పెక్షన్‌కు వెళ్లిన చోట టేపు చుట్టిన కేబుల్ జాయింట్లు నీళ్లలో నానుతూ కనిపించేవి. ఎర్త్ వైరు ఉండేది కాదు, లీకేజీ బ్రేకర్ ఊసే లేదు. ఏరియేటర్ సరిచేయబోయి షాక్ కొట్టి చనిపోయిన కూలీల వార్త చదివినప్పుడల్లా నాకు ఆ జాయింట్లే కళ్లముందు మెదులుతాయి. ఇవన్నీ మీరు పదకొండేళ్లుగా ఫ్యాక్టరీలో రోజూ చేస్తున్న పనులు. రొయ్యల పెంపకంలో మీరు కొత్తవారు, కరెంటు పనిలో ఆ మండలంలో మీ అంత తెలిసినవాళ్లు ఎక్కువమంది ఉండరు.

అందుకని మీకు నా సలహా, ఆక్వాలోకి మీ పని పట్టుకుని వెళ్లండి. మామ ఐదెకరాలతో మొదలుపెట్టి, ఆ చుట్టుపక్కల గుంటలకు ప్యానెళ్లు, ప్రొటెక్షన్, ఎర్తింగ్, జనరేటర్ మెయింటెనెన్స్ చేయండి. వారాంతాల్లో, షిఫ్ట్ లేనప్పుడు చాలు. దీనికి కావాల్సిన పెట్టుబడి పనిముట్లు, కొన్ని విడిభాగాలు. మేత బిల్లులో పదో వంతు కూడా కాదు. సూపర్‌వైజర్ పర్మిట్ మీ పేరు మీద ఉందా చూసుకోండి, సొంతంగా వైరింగ్ కాంట్రాక్టులు తీసుకోవాలంటే కాంట్రాక్టర్ లైసెన్స్ కావాలి. అలాగే మీ అపాయింట్‌మెంట్ ఆర్డరులో బయటి పని గురించి ఏం రాసి ఉందో చదవండి. కుదరదని ఉంటే రాతపూర్వకంగా అనుమతి అడగండి, దొంగచాటుగా మాత్రం చేయొద్దు. (ఇది చదివే ప్రభుత్వ ఉద్యోగులు ఉంటే వాళ్లకు నియమాలు ఇంకా కఠినం, అనుమతి లేకుండా ఏ వ్యాపారం చేసినా క్రమశిక్షణ చర్య ఉంటుంది.)

దీనివల్ల ఇంకో లాభం ఉంది. గుంటలు లీజుకు తీసుకుంటే మీకు ఒకరి కష్టసుఖాలే తెలుస్తాయి, అవీ మీవే. సర్వీసుకు తిరిగితే ఇరవై ముప్పై మంది రైతుల పంటలు లోపలి నుంచి చూస్తారు. ఎవరి సీడ్ నిలబడింది, ఎవరు వైరస్ ఉందో లేదో చూసే పీసీఆర్ టెస్ట్ చేయించకుండా పిల్ల వేశారు, ఎవరు అప్పు లేకుండా నడుపుతున్నారు, ఎవరు బాకీలో చిక్కుకున్నారు అన్నీ తెలుస్తాయి.

దాంతోపాటు మామ దగ్గర ఒక్క గుంటలో పావలా వాటా పెట్టండి. బ్యాంకులో ఉన్న మూడు లక్షల్లోంచే, అది పోయినా ఇల్లు కదలనంత. అప్పు వద్దు, పీఎఫ్ ముట్టుకోవద్దు. వాటా ఎందుకంటే, సొంత డబ్బు నీళ్లలో ఉంటే తప్ప చెక్ ట్రే చూసే చూపు మారదు. విడవలూరు వైపు ఒక ప్రైవేటు కాలేజీ లెక్చరర్ ఇలాగే చేశారు. పాఠాలు చెప్పుకుంటూనే బావమరిది గుంటలో వాటా పెట్టి, మంచి పంట, చెడ్డ పంట రెండూ చూశాకే మానేశారు. లోన్ కోసం నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఒక నోటు పుస్తకం ఉంది. ఏ రోజు ఎంత మేత వేశారు, ఉదయం పీహెచ్ ఎంత, డీజిల్ ఎంత పోసింది అన్నీ రాసుకున్నారు. ఆ పుస్తకం చూశాక నేను ఆయన ప్రపోజల్ ధైర్యంగా పైకి పంపాను. ఆయన ఇప్పటికీ ఆక్వాలోనే ఉన్నారు.

వాటా పెట్టేటప్పుడు వేసవి పంట ఒక్కటే చూసి లెక్కలు వేసుకోకండి. వానలు, చలి రోజుల పంట తప్పకుండా చూడండి. వైరస్ భయం అప్పుడే ఎక్కువ. మనకు నవంబరు, డిసెంబరుల్లోనే తుపాన్లు. 2021 నవంబరులో పెన్నా వరద కోవూరు దగ్గర హైవేనే కోసేసింది. 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చింది. అలాంటి వారంలో కరెంటు లేక, డీజిల్ దొరక్క, నీళ్లలో ఉప్పు శాతం ఒక్కసారిగా పడిపోయి రైతు ఏం చేస్తాడో గట్టు మీద ఉండి చూడండి. మీ సర్వీసు పనికి అసలైన గిరాకీ కూడా అప్పుడే ఉంటుంది.

ఇంట్లో గొడవ అన్నారు. తమ్ముడూ, ఈ విషయంలో మీ ఆవిడ భయం నాకు చాలా న్యాయంగా కనిపిస్తోంది. మీరు మానేస్తే ఇంట్లో మిగిలే ఒకే జీతం ఆమెది. రేపు బంగారం తాకట్టు పెట్టాల్సి వస్తే అదీ ఆమెదే. బ్యాంకుకు వచ్చిన భార్యల్లో చాలామంది సంతకం పెట్టేటప్పుడు కాగితం చూసేవాళ్లు కాదు, భర్త ముఖం చూసేవాళ్లు. మీరు అలా చేయొద్దు. పైన నేను వేసిన లెక్క ఆమె ముందు పెట్టండి, అంకెలు ఆమెనే మార్చమనండి. స్కూలు ఫీజులు, పండగలు, మీ నాన్నగారి మందులు మీకంటే ఆమెకే బాగా తెలుసు. ఎంత పోతే ఆగిపోతామో ఆ అంకె ఇద్దరూ కలిసి ఇప్పుడే రాసిపెట్టుకోండి. పంట పోయిన రోజు ఆ అంకె తేల్చుకోవడం ఎవరివల్లా కాదు.

ఇంకో సంగతి అడగాలి. కొత్త మేనేజర్ అందరి ముందూ అరుస్తున్నాడని, ప్రమోషన్ ఆగిపోయిందని కూడా రాశారు. అదే అసలు బాధ అయితే దానికి మందు రొయ్యలు కాదు. నాయుడుపేట, శ్రీసిటీ, తడ వైపు ఎలక్ట్రికల్ అనుభవం ఉన్నవాళ్లకు అవకాశాలున్నాయి, అక్కడ అప్లై చేసి చూడండి. ఇంకో చోట మంచి జీతంతో ఉద్యోగం వచ్చిన తర్వాత కూడా గుంటల మీదికే మనసు పోతుంటే, అప్పుడు ఆ ఇష్టాన్ని నమ్మవచ్చు.

ఏడాదిన్నర, రెండేళ్ల తర్వాత మానేసే రోజు వస్తే ఈ పనులు ముందే చేసుకోండి. కుటుంబానికి హెల్త్ పాలసీ ఉద్యోగంలో ఉండగానే తీసుకోండి. కంపెనీ ఇన్సూరెన్స్ మానేసిన రోజుతో పోతుంది, కొత్త పాలసీలో పాత జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండవచ్చు, మీ నాన్నగారికి షుగర్ ఉందన్నారు కాబట్టి ఇది ముఖ్యం. మీ సర్వీసు పదేళ్లు దాటింది కాబట్టి పీఎఫ్‌లోని పెన్షన్ భాగం నగదుగా రాదు, స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుంటే 58 ఏళ్లకు పెన్షన్‌గా వస్తుంది. మిగతా పీఎఫ్ కూడా మానేసిన నెలలోనే మొత్తం చేతికి వస్తుందని ఏ ఖర్చూ పెట్టుకోకండి. రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం తీసుకుని, పోర్టల్‌లో మీరు మానేసిన తేదీ పడిందో లేదో చూసుకోండి. మళ్లీ ఉద్యోగానికి వెళ్లాల్సి వస్తే ఇవే అడుగుతారు. శాలరీ స్లిప్ ఉంది కదా అని మానేసే ముందు పర్సనల్ లోన్ మాత్రం తీయకండి. జీతం చూపించి తెచ్చిన అప్పును జీతం లేకుండా కట్టడం ఎంత కష్టమో వసూళ్లకు తిరిగిన నాకు బాగా తెలుసు.

మామకు ఇప్పుడు ఏం చెప్పాలో అని ఇబ్బంది పడుతున్నట్టున్నారు. ఈ ఏడాది లీజు వద్దు, ఒక గుంటలో పావలా వాటా ఇవ్వండి, మోటార్లు ప్యానెళ్లు నేను చూసుకుంటాను అనండి. ఆయనకూ అది లాభమే. బంధువులం కదా అని నోటిమాటగా వదిలేయకుండా వాటా ఎంత, ఖర్చులు ఎవరు రాస్తారు, పట్టుబడి డబ్బు ఎన్ని రోజుల్లో పంచుకోవాలి అన్నది ఒక కాగితం మీద రాసుకోండి. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్ ఆ గుంటలకు ఉందా, ఎవరి పేరు మీద ఉంది, గడువు ఎప్పటిదాకా, కరెంటు సర్వీసు ఆక్వా కేటగిరీలోనే ఉందా అని కూడా అప్పుడే అడగండి. ఆ కాగితాలు చేతికొచ్చాక, సంతకం పెట్టకముందు, వాటిలో ఏముందో ఇక్కడ రాయండి. చూసి చెప్తాను.